కోసిగిలో బండి ఎంతసేపాగుతుంది?

గుంతకల్లు మీదుగా మంత్రాలయం వెళ్ళినవాళ్ళలో కోసిగిని చూడనివాళ్ళుండరు. చూసినట్టు గుర్తున్నవాళ్ళూ ఉండరు. ఆదోని దాటిన కాసేపటికి ఎవరో ఒకరు "ఇక సామాన్లు సర్దండి, దిగే స్టేషను దగ్గరికొచ్చేసింది" అంటారు. అంతే! చెప్పులు వెతుక్కోవడం, పిల్లల్ని లేపడం, పులిహోర డబ్బా మూత ఏ సీటు కిందికి దొర్లిందో అని వంగి చూసుకోవడం. సరిగ్గా ఆ హడావుడిలోనే కోసిగి వెనక్కి వెళ్ళిపోతుంది. తలెత్తేసరికి మంత్రాలయం రోడ్డు బోర్డు కనిపిస్తుంది.

నేనూ చాలాసార్లు అలాగే వెళ్ళాను. క్రిందటిసారి మాత్రం ఎక్స్‌ప్రెస్సులో చోటు దొరక్క ప్యాసింజరు బండి ఎక్కాల్సి వచ్చింది. ప్యాసింజరు బండికి ఒక మంచి గుణం ఉంది. ఎవరూ పట్టించుకోని ఊళ్ళని కూడా పలకరించి మరీ వెళుతుంది. ఆదోనిలో ఇద్దరు పంతులమ్మలు ఎక్కి నా ఎదుట కూర్చున్నారు. ఒకావిడ ఒళ్ళో దిద్దాల్సిన పరీక్ష పేపర్లు. రెండో ఆవిడ ఇంట్లో తినడానికి తీరిక చిక్కని ఇడ్లీలు అక్కడ తింటోంది. "కోసిగిలో ఉద్యోగం, ఆదోనిలో కాపురం" అని వాళ్ళే నవ్వుతూ చెప్పారు.

"కోసిగిలోనే ఇల్లు తీసుకోకపోయారా?" అన్నాను. మనకి ముందు తోచే ప్రశ్న అదే కదా!

"మావారి కొట్టు ఆదోనిలో, పిల్లల కాలేజీ ఆదోనిలో. ఈ బండి ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఉద్యోగమో కాపురమో ఏదో ఒకటి మానుకోవాలి కదండీ" అంది ఇడ్లీలావిడ. "నాకు జీతమిచ్చేది గవర్నమెంటే అయినా, పొద్దున్నే ఎన్నింటికి లేవాలో చెప్పేది రైల్వే టైంటేబులు."

ఆ మాట నన్ను వదల్లేదు. ఒక ఇల్లాలు ఎన్నింటికి పొయ్యి వెలిగించాలో నిర్ణయిస్తున్న ఆ పట్టాల్ని అక్కడ ఎవరు వేశారు? ఎందుకు వేశారు? ఇంటికొచ్చాక పాత పుస్తకాలు తిరగేశాను. తెలిసింది చెబుతాను, వినండి.

ముందొక చిన్న హెచ్చరిక. తెలంగాణలో ఇంకో కోస్గి ఉంది, పాలమూరు వైపు. మన కోసిగి కర్నూలు జిల్లాది. ఒకప్పుడు బళ్ళారి జిల్లా ఆదోని తాలూకాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. మిగతావి మైసూరుకు పోయాయి. అందుకే ఈ వైపు తెలుగులో కన్నడం పాలల్లో నీళ్ళలా కలిసిపోయి ఉంటుంది, ఏది ఎంత అని విడదీయలేం.

రైలు రాకముందు ఈ సీమ సంగతి ఊహించుకోండి. నల్లరేగడి నేల. ఎండాకాలంలో బీటలు, వానాకాలంలో బండి ఇరుసు దాకా దిగబడే బురద. ఆదోని నుంచి చెన్నపట్నం దాదాపు మూడు వందల మైళ్ళు. ఎద్దులబండి రోజుకి పది పదిహేను మైళ్ళు నడిస్తే గొప్ప. ఎంత లేదన్నా మూడు వారాలు, దారిలో ఎద్దు జబ్బుపడితే నెల పైమాటే. బండి దారి కూడా లేని చోట్లకి లంబాడీల పెరికె ఎద్దులే గతి. వందల ఎద్దులు, వాటి వీపుల మీద గోతాలు, పక్కన నడిచే ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలు. ఊరికి ఊరే కదిలి వచ్చినట్టుండేదట ఆ బిడారు. సముద్రతీరం నుంచి ఉప్పు తెచ్చేవాళ్ళు, ఇక్కడి నుంచి ధాన్యం పట్టుకుపోయేవాళ్ళు.

ఉప్పు అంటే గుర్తొచ్చింది. డేవ్ డొనాల్డ్‌సన్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు మన దేశంలో రైళ్ళు చేసిన మేలెంతో లెక్క కట్టాలనుకున్నాడు. దానికి ఆయన పట్టుకున్న ఆధారం ఏమిటో తెలుసా? ఉప్పు! ఉప్పు అన్నిచోట్లా తయారవదు, ఏ ప్రాంతానికి ఏ కొఠారు ఉప్పు వస్తుందో లెక్కలున్నాయి. కొఠారు దగ్గర ధర ఇంత, లోపలి ఊళ్ళో ధర అంత అని తెలిస్తే, మధ్యలోని తేడా అంతా మోత కూలే కదా. రైలు రాగానే ఆ తేడా తగ్గిపోయిందని పాత ధరల పట్టీలు చూసి తేల్చాడు. రైలు వచ్చిన జిల్లాలో సేద్యం మీది రాబడి సుమారు 16 శాతం పెరిగిందని కూడా ఆయన 2018లో అచ్చయిన వ్యాసంలో చెప్పాడు. అంత పెద్ద శాస్త్రం మన పోపులపెట్టె పక్కనుండే ఉప్పుజాడీలోంచి బయటికి రావడం నాకు భలే ముచ్చటేసింది.

రాబడి పెరిగింది సరే, ఎవరికి పెరిగింది అన్నది వేరే సంగతి. అక్కడికీ వస్తాను.

ఇంతకీ రైలు వేసింది మనమీద ప్రేమతో కాదు. పత్తి కోసం. ఇంగ్లండులోని మాంచెస్టరు మిల్లులకి పత్తి అమెరికా నుంచి వచ్చేది. 1861లో అక్కడ అంతర్యుద్ధం మొదలై నాలుగేళ్ళు సాగేసరికి ఓడలు ఆగిపోయాయి. అప్పుడు అందరి చూపూ మన నల్లరేగడి మీద పడింది. బళ్ళారి వైపు పత్తిని ‘వెస్టర్న్స్’ అనీ, కర్నూలు, నంద్యాల వైపు పత్తిని ‘నార్తర్న్స్’ అనీ వర్తకులు పేర్లు పెట్టుకున్నారు. పత్తి ఉంది, కొనేవాడున్నాడు, మధ్యలో ఆ బురద దారి ఒక్కటే అడ్డం.

మద్రాసు రైల్వే కంపెనీ మొదటి బండి 1856 జులై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా నడిచింది. తర్వాత అరక్కోణం దగ్గర చీలి వాయవ్యంగా ఒక లైను బయల్దేరింది. రేణిగుంట, కోడూరు, రాజంపేట, కడప, ముద్దనూరు, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని, కోసిగి, అక్కణ్ణించి తుంగభద్ర దాటి నిజాం రాజ్యంలోని రాయచూరు. అటు బొంబాయి నుంచి ఇంకో కంపెనీ లైను కృష్ణ దాటి వచ్చింది. 1871లో ఆ రెండూ రాయచూరులో కలుసుకున్నాయి. బొంబాయికీ మద్రాసుకీ మొట్టమొదటి రైలు సంబంధం అక్కడ కుదిరింది. శ్రీ రాఘవేంద్రస్వామి మంత్రాలయంలో బృందావన ప్రవేశం చేసింది 1671లో. సరిగ్గా రెండు వందల ఏళ్ళకి ఆయన వాకిటి దాకా రైలొచ్చిందన్నమాట.

వాకిటి దాకా అన్నానా, పొరపాటు. స్టేషను పేరు మొదట్లో తుంగభద్ర. తర్వాత మంత్రాలయం రోడ్డు అయింది. రైల్వేవాళ్ళు ఏ ఊరి పేరు చివరైనా ‘రోడ్డు’ అని తగిలించారంటే ఊరింకా దూరముందని అర్థం. ఇక్కడ దిగి పదిహేను కిలోమీటర్లు పోతే గాని స్వామి దర్శనం కాదు.

ఇంత లైను వెయ్యడానికి డబ్బెక్కడిది? ఇది కొంచెం ఇంటి లెక్కల్లో చెబితే బాగా అర్థమవుతుంది. ఎవరో వచ్చి "మీ పెరట్లో నేను మేడ కడతాను. ఎంత ఖర్చయినా నా ఇష్టం. అద్దె రాకపోతే మాత్రం నా పెట్టుబడిమీద నూటికి అయిదు రూపాయల వడ్డీ మీరే పూరించాలి" అన్నాడనుకోండి. మనం ఒప్పుకుంటామా? సర్కారు ఒప్పుకుంది. ఇంగ్లండులో వాటాలు కొన్నవాళ్ళకి ఏటా 5 శాతానికి పూచీ. తక్కువపడ్డది ఇక్కడి ఖజానాలోంచి ఇవ్వాలి. ఖజానాలో ఉన్నది రైతు కట్టిన భూమి శిస్తే. బండి ముఖం చూడని రైతు కూడా ఆ బండికి టిక్కెట్టు కొన్నట్టే.

చిత్రమేమిటంటే, అదే రోజుల్లో మన సీమలో ఇదే పూచీతో ఇంకో పని కూడా జరిగింది. కర్నూలు–కడప కాలువ. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863లో మొదలుపెట్టి, తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర ఆనకట్ట కట్టి, ఇంచుమించు ఈ రైలు రాయచూరు చేరిన ఏటికే కడప దాకా తవ్వింది. అది నీళ్ళకే కాదు, పడవలకి కూడా అని ఉద్దేశం. సరుకు మోతకి రైలు కన్నా కాలువే చవక అని గోదావరి ఆనకట్ట కట్టిన కాటన్ దొర ఎంత మొత్తుకున్నాడో! ఆయన మాట గోదావరి జిల్లాల్లో నిజమైంది. ఇక్కడ చెల్లలేదు. నల్లరేగడి రైతుకి వానపదును చాలు, నీళ్ళు కొనుక్కుని వరి పెట్టుకునే అలవాటు లేదు. నీళ్ళ పన్ను రాలేదు, పడవల వ్యాపారం సాగలేదు. చివరికి 1882లో కంపెనీ దగ్గర్నుంచి సర్కారే కాలువని తీసుకుంది. కేసీ కాలువ ఇవాళ ఎన్ని ఎకరాలకి అన్నం పెడుతోందో మీకు తెలుసు. కానీ బేరసారాలు, బస్తాలు, కొట్లు, ఊళ్ళు మాత్రం రైలు చుట్టూ చేరాయి.

ఆదోని కథ చూడండి. ఆదోని ఏమీ నిన్న పుట్టిన ఊరు కాదు. కోటా, నవాబులూ, జామా మసీదూ ఉన్న పాత పట్నం. అయితే దాన్ని ‘రెండో బొంబాయి’ అని పిలిపించింది మాత్రం రైలే. కారణం చాలా మామూలుది. ఏకిన దూది పరుపులో కుట్టకముందు ఎంత చోటు ఆక్రమిస్తుందో మనకి తెలుసు. విడిపత్తిని వ్యాగన్లో పోస్తే గాలికి కూలి కట్టినట్టే. అందుకని ఆవిరియంత్రంతో గట్టిగా అదిమి, ఇనుప పట్టీలు బిగించి, బేళ్ళు కట్టాలి. ఆ ప్రెస్సు స్టేషనుకి దగ్గర్లో ఉంటేనే లాభం. ప్రెస్సు ఉన్నచోటికి గింజ తీసే జిన్నింగు మిల్లు వచ్చింది. మిల్లు దగ్గరికి దళారీ వచ్చాడు. దళారీ ఉన్నచోట వడ్డీ వ్యాపారి, వాళ్ళిద్దరికీ భోజనం పెట్టే హోటలు, లెక్కలు రాసే గుమాస్తా, గుమాస్తా పెళ్ళానికి చీరలమ్మే కొట్టు. తర్వాత వేరుశెనగ వచ్చింది, నూనె మిల్లులొచ్చాయి. ఒకదాని కొంగు ఒకటి పట్టుకుని అన్నీ ఆదోనిలో దిగాయి.

మరి కోసిగికీ స్టేషనుంది కదా, ఇక్కడెందుకు దిగలేదు? స్టేషను ఉండటం వేరు, బండికి అక్కడ పని ఉండటం వేరు. ఒంటి లైను మీద ఎదురుబండికి దారివ్వాలంటే కొన్ని మైళ్ళకొకసారి ఆగే చోటు ఉండాలి. ఇంజనుకి నీళ్ళు పట్టాలి. ఆ లెక్కన కట్టిన స్టేషన్లు లైను పొడుగునా చాలా ఉన్నాయి. సరుకు మాత్రం పెద్ద బజారు ఎక్కడుంటే అక్కడికే ఈడ్చుకుపోతుంది. కోసిగి పత్తి ఆదోని చేరి ఆదోని పత్తి అయ్యింది. వర్తకులు తెలివితక్కువవాళ్ళేం కాదు. పదిమంది కొనేవాళ్ళున్న చోట అమ్మితే పైసా ఎక్కువొస్తుంది, పదిమంది అమ్మేవాళ్ళున్న చోట కొంటే పైసా తక్కువవుతుంది. అంత దూరం పోవడం కష్టమైనన్నాళ్ళూ చిన్న ఊరి బజారుకి ఒక దాపు ఉండేది. రైలొచ్చి ఆ దాపు తీసేసింది.

ఇంకొకటి. మిల్లులు రాకముందు పత్తి గింజ తీయడం ఎక్కువగా ఆడవాళ్ళ చేతిపని. చేతిపని అన్నాను గానీ, ఇక్కడ కాలిపని అనాలి. రాతి పలక మీద పత్తి పరిచి, దానిమీద ఇనుప కడ్డీ పెట్టి, పీట మీద కూర్చుని పాదాలతో దొర్లించేవాళ్ళు. గింజ ముందుకి, దూది వెనక్కి. నడుములు పడిపోయే పనే, నేను కాదనను. కానీ అది ఇంట్లో జరిగేది. ఉయ్యాల ఊపుతూ, పొయ్యిమీద జొన్నసంకటి చూసుకుంటూ చేసుకునేవాళ్ళు. మిల్లు వచ్చాక గింజ తీయడం మిల్లు పనయ్యింది. ఆడవాళ్ళు పత్తి ఏరడానికి మిల్లుకి వెళ్ళారు. కూత వినగానే పరుగు, ఆలస్యమైతే కూలి కోత, చంటిపిల్ల ఎవరి దగ్గరో. నాకు ఎదురుగా ఇడ్లీలు తింటున్న పంతులమ్మ హడావుడికి అంకురం అక్కడుందనిపిస్తుంది.

గుంతకల్లయితే ఇంకా విచిత్రం. చిన్న పల్లె. బళ్ళారి వైపొక లైను, బెజవాడ వైపొక లైను, బెంగళూరు వైపొక లైను అక్కడ ముడిపడేసరికి పట్నమైపోయింది. 1956లో రైల్వే డివిజనుకి కేంద్రమయ్యింది. 1977 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వేలోకి మారింది. ‘మావాడికి గుంతకల్లులో ఉద్యోగం’ అంటే చాలు, ఏ ఉద్యోగమని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అటు కర్నూలు చూడండి. జిల్లాకి పెద్ద, 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యపట్నం. కానీ 1871 నాటి లైను దాన్ని తప్పించుకుని పోయింది. డోన్ నుంచి కర్నూలుకి ఒక కొమ్మ లైను రావడానికి 20వ శతాబ్దం రావలసి వచ్చింది. కలెక్టరున్న ఊళ్ళో రైలు లేదు, కలెక్టరు లేని గుంతకల్లులో నాలుగు దిక్కులకీ రైళ్ళు!

రైలు వచ్చిన అయిదారేళ్ళకే ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా. దీన్ని గురించి తేలిగ్గా రాయడం నాకు చేతకాదు. అప్పట్లో బళ్ళారి జిల్లా అంటే అనంతపురం కూడా అందులోనే. 1871లో లెక్కపెట్టిన జనం 1881కి అయిదో వంతు తగ్గిపోయారు. రైలు లేకపోతే ఇంకా ఎక్కువమంది పోయేవాళ్ళని సర్కారు వాదించింది. చెన్నపట్నం రేవులో దిగిన ధాన్యాన్ని లోపలికి చేర్చింది రైలేనన్నది నిజం. కానీ వ్యాగన్లు చాలక మద్రాసులో బస్తాలు కొండల్లా పేరుకున్నాయి. స్టేషను దాకా వచ్చిన బస్తా అక్కణ్ణించి పల్లెకి వెళ్ళడానికి ఎద్దులు లేవు. మేత లేక ముందు చచ్చిపోయినవి అవే. పెరికె ఎద్దుల లంబాడీల వ్యాపారాన్ని అప్పటికే రైలు దెబ్బతీసింది. ఉన్న ధాన్యాన్ని కొందామన్నా చేతిలో కూలి ఉండాలి. రిచర్డ్ టెంపుల్ అనే దొర 1877లో వచ్చి, సహాయపు పనుల్లో మనిషికి రోజుకి పౌను ధాన్యం కొనుక్కునే కూలి చాలునని కోత పెట్టాడు. పౌనంటే అరకిలో లేదు. రోజంతా కంకర కొట్టే మనిషికి! ఇంటి నిండా మనుషులకి వండిపెట్టే మనకి ఆ కొలత ఎంతో ఎవరూ చెప్పక్కర్లేదు.

రైలు లేకుండా నిలబడ్డ ఊరూ ఈ పక్కనే ఉంది. ఎమ్మిగనూరు. కోసిగి నుంచి బస్సులో వెళ్ళచ్చు. అక్కడికి రైల్లేదు. మంత్రాలయం నుంచి ఎమ్మిగనూరు మీదుగా కర్నూలుకి లైను కావాలని జనం ఎన్నో దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. అయినా ఎమ్మిగనూరు పేరు దేశమంతా తెలిసింది. 1938లో మాచాని సోమప్పగారు నేతగాళ్ళతో సహకార సంఘం పెట్టించారు. నూలు తెచ్చేదీ బట్ట అమ్మేదీ సంఘమే చూసుకుంటే నేతగాడు మగ్గం దిగక్కర్లేదు కదా. 1954లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. ఎమ్మిగనూరు దుప్పటి కప్పుకోని ఇల్లు ఉండేది కాదు ఒకప్పుడు. కనక రైలొక్కటే అన్నీ చేస్తుందనడం కూడా పొరపాటే. కాకపోతే సోమప్పగారిలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ పుట్టరు.

ఈ తతంగం పాతకాలంతో ఆగిపోలేదు. 2017 నవంబరులో హైదరాబాదులో మెట్రో రైలు మొదలైంది. ఇప్పుడక్కడ అద్దె ఇళ్ళ ప్రకటనల్లో ‘మెట్రోకి నడిచే దూరం’ అన్న ముక్క ‘మంచినీటి వసతి’ కన్నా ముందుంటోంది. పెద్ద పట్నాల్లో మేడ రైళ్ళ చుట్టూ దుకాణాలు లేస్తాయి. కోసిగిలాంటి ఊళ్ళో ఉన్న ఒక్క ప్యాసింజరూ ఒక గంట ముందుకో వెనక్కో జరిగితే పంతులమ్మల బతుకులు తారుమారవుతాయి. పట్టాలు ఇప్పుడు జంటలైనయ్యాయి, కరెంటు తీగలొచ్చాయి. పెద్ద ఎక్స్‌ప్రెస్సుల్లో చాలావాటికి మాత్రం కోసిగి అవసరం లేదు. 2020 మార్చిలో కరోనాకి బండ్లన్నీ ఆగిపోయాయి కదా. తిరిగి వచ్చిన ప్యాసింజర్లు ఎక్స్‌ప్రెస్ పేరు పెట్టుకుని వచ్చాయి. 10 రూపాయల కనీసపు టిక్కెట్టు 30 అయ్యింది. 2024 ఫిబ్రవరిలో గాని మళ్ళీ 10కి దిగలేదు. "నాలుగేళ్ళు అదే చెక్కబల్ల మీద కూర్చుని మూడింతలు ఇచ్చామండీ" అంది పేపర్లు దిద్దే ఆవిడ. ఆవిడంటే జీతగత్తె. రోజుకూలికి వెళ్ళే మనిషికి ఆ 20 రూపాయలు రానూపోనూ 40.

అంతసేపూ గుమ్మం దగ్గర గంప పక్కన గొంతుక్కూర్చున్న ఒక అవ్వ మా మాటలు వింటూనే ఉంది. కోసిగి అవ్వే. "అవ్వా, నువ్వూ రోజూ వస్తావా?" అని అడిగాను.

"నేను ఆదోనికి పోయేది వారానికి రెండు దినాలమ్మా. నా కొడుకూ కోడలూ సుగ్గికి పోయిండారు" అంది.

సుగ్గి అంటే ఇక్కడ వలస. అసలు మాటకి అర్థం పంట కోతల కాలమనీ, పండగనీ. ఈ వైపు మాత్రం సొంత ఊళ్ళో పంట ఎండిపోయి, ఇంకొకరి పంట కోయడానికి వెళ్ళడం. కోసిగి, మంత్రాలయం, ఆదోని పక్క పల్లెల నుంచి కుటుంబాలు కుటుంబాలే కదులుతాయి. గుంటూరు వైపు మిరపకాయ కోతలకి, తెలంగాణలో పత్తి తీయడానికి, బెంగళూరులో మేడలు కట్టడానికి. పోయేది చాలావరకు రైల్లో కాదు. మేస్త్రీ మాట్లాడిన బండ్లలో, మూటలూ గిన్నెలూ కోళ్ళతో సహా. పిల్లల్ని వెంట తీసుకుపోతే బడి పోతుంది, వదిలి వెళితే అవ్వల మీద పడతారు. నూట యాభై ఏళ్ళ క్రితం పత్తిని తీసుకుపోవడానికి రైలు వేసిన నేల మీది మనుషులు, పత్తి తీయడానికి పరాయి జిల్లాలకి పోతున్నారు.

"ఇద్దరు మనమరాండ్లు నా కాడనే ఉండారు. పెద్దదాన్ని ఈ అమ్మగారే సదివిస్తాండేది" అని అవ్వ ఇడ్లీలావిడని చూపించింది. ఆవిడ ముఖంలో హడావుడంతా ఒక్క క్షణం పోయింది. "బాగా చదువుతుందండీ, పోయినేడు నాలుగు నెలలు బడికి రాలేదు. ఈయేడు అవ్వ పంపించనంది" అని చెప్పింది.

"పంపిస్తే ఆడ మిరపకాయ కోసి చేతులు మండబెట్టుకుంటాది" అంది అవ్వ.

ఇప్పుడు బస్సు సంగతి. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. కర్ణాటకలో 2023 జూన్‌లో, తెలంగాణలో ఆ ఏడు డిసెంబరులో మొదలైంది. అవ్వ ఆధార్ కార్డు రవికలోంచి తీసి చూపించింది, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంది. "మరి బస్సు ఉచితం కదా, రైలెందుకెక్కావు?" అంటే, "గంప ఉండాదిగా తల్లీ, బస్సులో గంపకి చోటు దొరకదు. గంప లేని దినం బస్సే. మొన్న కండ్లు సూపించుకునేకి ఎమ్మిగనూరుకి పోయొస్తి. నా జీవితంలో ఆస్పత్రికి ఒక్కదాన్నే పోయింది అదే మొదులు" అంది.

దీని మీద నానా రకాల వాదాలున్నాయి. డబ్బంతా ఎవరు భరిస్తారని ఒకరు, మగవాళ్ళకి సీట్లు లేవని ఇంకొకరు. నేను ఆ పాత లెక్క గుర్తు చేసుకుంటాను. రైలు పూచీ డబ్బు కూడా జనమే భరించారు, ఏళ్ళ తరబడి. అప్పుడు ఎవరూ రైతు భార్యని నువ్వెక్కుతావా అని అడగలేదు. ఇప్పుడు ఖర్చు ఎక్కడికి పోతోందో ఎక్కినవాళ్ళ ముఖం చూసి చెప్పచ్చు. అలాగని అంతా మంచే అనలేను. కోసిగిలో సబ్బులూ గాజులూ అమ్ముకునే చిన్న కొట్టాయనకి, తన గిరాకీ ఉచితంగా బస్సెక్కి ఆదోని బజారుకి పోతుంటే ఎలా ఉంటుంది? 1871లో పోయిన దాపు ఇంకాస్త పోతుంది. పంతులమ్మలు కూడా కూరగాయలు ఆదోనిలోనే కొంటారట. "సాయంత్రం దిగగానే మార్కెట్టు స్టేషను దారిలోనే కదండీ" అన్నారు, కాస్త నొచ్చుకుంటూనే.

బండి నెమ్మదించింది. పంతులమ్మలు పేపర్లు, టిఫిను డబ్బా సంచిలో కుక్కి కొంగులు బిగించారు. అవ్వ గంపని ఇడ్లీలావిడ ఒక పక్క, నేనొక పక్క పట్టి కిందికి అందించాం. ఖాళీ గంపే, అడుగున మనమరాలికని కొన్న రెండు నోటుపుస్తకాలు. ఎవరో కుర్రాడు అప్పటికే ఎక్కుతూ తోశాడు, అవ్వ వాణ్ణి తిట్టింది, వాడు నవ్వాడు. చూస్తూండగానే బండి కదిలింది. నిమిషమో నిమిషంన్నరో.

అప్పుడు కిటికీలోంచి మొదటిసారి సరిగ్గా చూశాను. కొండ, దాని కింద ఊరు. పట్టాలకి కొంచెం దూరంలో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండరాళ్ళ నిలువులు రెండు. వాటిని అక్కచెల్లెళ్ళంటారట. రాళ్ళ పక్కనుంచి పోయే బాట మీద పంతులమ్మలిద్దరూ గబగబా, అవ్వ వాళ్ళ వెనకాల తన తీరున తను, నడుచుకుంటూ పోతున్నారు. మంత్రాలయం రోడ్డు దగ్గరపడుతోందని మావారు సామాన్లు సర్దమంటున్నారు.